బెజవాడ రేడియోలో మాటయు మారుమాటయు

రేడియో పెట్టె స్వభావము విచిత్రమైనది. అది పలుకును గాని వినదు. ఎదుట కూర్చున్నవారు నవ్వినను, కోపగించినను, "ఇది మా ఊరి సంగతి కాదు" అని అడ్డు చెప్పినను ఆ కంఠము ఆగదు. అట్టి యంత్రముతో సంభాషణ సాధ్యమా అని ఎవరైన అడిగినచో కొంచెము ఆలోచింపవలసియే యుండును. సంభాషణకు ఇద్దరుండవలెను; ఒకరి మాటకు రెండవవారి మారుమాట కావలెను. కృష్ణా డెల్టాలో ఈ యంత్రము ప్రవేశించినప్పటి నుండి నేటివరకు జరిగిన చరిత్రను ఆ మారుమాట కొరకు జరిగిన వెదకులాటగా మనము చూడవచ్చును. పట్టణపు బ్రతుకును గురించి, సంఘములోని చిక్కులను గురించి, కళలను గురించి విజయవాడ కేంద్రమునుండి సాగిన ముచ్చటలు ఎట్లు పుట్టినవి, ఎవరు మాటాడిరి, ఎవరు విని ఊరకుండిరి అను విషయమును ఈ వ్యాసములో విచారింతము.

రేడియో రాకమునుపే ఈ నేలకు పదిమందిలో కూర్చుండి వినుట, విన్నదానిని గురించి వాదించుట అలవాటు. 1852–55 సంవత్సరముల మధ్య బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిన పిమ్మట కాలువలు డెల్టా అంతట ప్రాకినవి. అవి నీటితోపాటు పడవలను, పడవలతోపాటు కబుర్లను మోసికొనిపోయినవి. 1893లో కృష్ణపై రైలు వంతెన ఏర్పడగా బెజవాడ పెద్ద కూడలి అయినది. మద్రాసునకు పోవువారును, కలకత్తాకు పోవువారును, హైదరాబాదునకు పోవువారును ఇక్కడ తారసిల్లుచుండిరి. వచ్చిపోవువారు ఉన్నచోట మాటకు కొదువ యుండదు గదా!

1914 ఏప్రిల్ 10వ తేదీన ఇదే పట్టణమున రామమోహన గ్రంథాలయమువారి ఆవరణలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ముఖ్య నిర్వాహకులు. ఆ ఉద్యమము పల్లెలకు వ్యాపించిన కొలదిని, చదువు వచ్చినవారు పత్రికను బిగ్గరగా చదువుట, రానివారు చుట్టును చేరి వినుట పరిపాటి అయినది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికచే కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువమీద పుస్తకముల పడవయే నడచినది. ఈ వినికిడిలో ఒక సౌకర్యము కలదు. చదువు మనిషి ఎదుటనే ఉన్నాడు. "ఆ మాటకు అర్థమేమయ్యా?" అని వెంటనే అడుగవచ్చును; "అది అబద్ధము" అని లేచి పోవచ్చును. రేడియో వచ్చినప్పుడు మనకు దూరమైనది ఈ సౌకర్యమే.

ఇక రేడియో కథకు వత్తము. మన దేశమున ప్రసారములకు తొలి ప్రయత్నములు జరిగిన నగరములలో మద్రాసు ఒకటి. 1924లో అక్కడ ఉత్సాహవంతులు కొందరు ఒక రేడియో క్లబ్బును స్థాపించిరి. డబ్బు చాలక 1927లో అది మూతపడగా, 1930లో నగరపాలక సంస్థ ప్రసారములను కొనసాగించెను. 1938 జూన్ 16వ తేదీన ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము ప్రారంభమైనది. తెలుగువారి కార్యక్రమములు అక్కడ తమిళ కార్యక్రమములతో వేళను పంచుకొనవలసి వచ్చినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లోను, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1945లోను ఆ కేంద్రమున చేరిరి. తెలుగు రేడియో పాటకు, రూపకమునకు ఒక తీరు ఏర్పడినది అక్కడనే. పడమట హైదరాబాదున 1935 నుండి నిజాము ప్రభుత్వమువారి రేడియో నడచుచుండెను. అందు ఉర్దూ ప్రధానము. అది 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసినది.

స్వాతంత్ర్యము వచ్చిన నాటికి భారతదేశమున ఆలిండియా రేడియోకు ఆరు కేంద్రములే కలవు: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, లక్నో, తిరుచిరాపల్లి. లైసెన్సు పొందిన సెట్లు దేశమంతటను మూడు లక్షలకు లోపే. ఆ ఆరింటిలో ఒక్కటియు తెలుగు నేలమీద లేదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమగుటతో ఆ కొరత తీరినది. ఆంధ్రరాష్ట్రము అవతరించినది 1953 అక్టోబరు 1న. అనగా రాష్ట్రము దొరుకుటకు దాదాపు ఐదేండ్లు ముందే, తెలుగువారికి తమ నడిబొడ్డున తమ మాట తాము చెప్పుకొను చోటు దొరికినది. దూరపు నగరమునుండి వినవచ్చు తెలుగునకును, కాలువగట్టు ప్రక్కనుండి వినవచ్చు తెలుగునకును భేదము కలదు. మొదటిదానిని మనము గౌరవముతో వింటిమి; రెండవదానిని మనదని వింటిమి.

అయితే ఆ చోటున సంభాషణ ఎట్లు జరిగెడిదో కొంచెము తెలిసికొనవలెను. రేడియో ప్రసంగము పది పదునైదు నిమిషములకు మించరాదు. ప్రసంగకర్త తన వ్యాసమును ముందుగా పంపవలెను. అది పరిశీలింపబడి, వేళకు సరిపోవునట్లు కుదింపబడును. నియమిత దినమున ఆయన గాలి సడి లేని గదిలో మైకు ముందు కూర్చుండి, ఎర్రదీపము వెలుగగానే చదువుట మొదలిడవలెను. కాగితము చప్పుడైనను శ్రోతకు వినబడును. ఇద్దరు ముగ్గురు కలిసి మాటాడు కార్యక్రమములకును తరచుగా ఇదే పద్ధతి. ఒకరు అడుగు ప్రశ్నయు, రెండవవారిచ్చు జవాబును కాగితముమీద ముందే సిద్ధము. ఈ పద్ధతికి గుణములు లేకపోలేదు. మాటలో పొదుపు వచ్చినది. నోటికి వచ్చినదెల్ల అనుట తప్పినది. వేళకు మొదలై వేళకు ముగియు క్రమము అలవడినది. దోషమును ఉన్నది. ఇరువురిలో ఎవరు ఒప్పుకొందురో ముందే తెలిసిన వాదములో శ్రోతకు ఉత్కంఠ యుండదు.

ఈ చిక్కునుండి తెలుగు భాషకు మాత్రము ఒక మేలు కలిగినది. అచ్చులోని వాక్యము అర్థము కానిచో కన్ను వెనుకకు పోయి మరల చదువును. చెవికి ఆ వీలు లేదు. జారిన మాట జారినదే. అందుచేత మైకు ముందు కూర్చున్న పండితుడు సమాసములను విడదీయక తప్పలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతయు వాదించి 1940లో గతించిరి. గ్రాంథిక వ్యావహారిక వివాదము పత్రికలలోను, పాఠశాలలలోను ఇంకను సాగుచుండగానే, రేడియో గదిలో దానికి చెవి తీర్పు చెప్పినది. మనము చదువు భాష ఏదైనను, వినగోరు భాష ఇంటిలో మాటాడు భాషకు దగ్గరగా ఉండవలెనని ఆ తీర్పు.

గ్రామస్థుల కార్యక్రమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. దేశమందలి అనేక కేంద్రములలో ఈ కార్యక్రమములకు స్థిరమైన పాత్రలుండెడివి. పెద్దమనిషి ఒకడు, తొందరపాటు మనిషి ఒకడు, ఎదురు ప్రశ్న వేయు స్త్రీ ఒకతె. ఎరువును గురించి అధికారి చేయు ఉపన్యాసము ఎవరికిని పట్టదు. అదే సంగతిని "నీ మాట విని నిరుడు వేస్తిని, చేను మాడినది" అని ఒకడు నిలదీయగా, రెండవవాడు నీరెంత పెట్టితివని తిరిగి అడిగినచో చెవులు నిక్కబొడుచుకొనును. శ్రోత నోటిలోని ప్రశ్నను పాత్ర అడుగుచున్నది. ఇది నిజమైన మారుమాట కాకపోయినను, మారుమాటకు నీడ వంటిది.

నీడతో తృప్తిపడక అసలు మనిషినే రప్పింపవలెనను ప్రయత్నము 1956లో పూనా ప్రాంతమున జరిగినది. యునెస్కో సహాయముతో ఐదు జిల్లాలలోని 150 గ్రామములలో శ్రోతల బృందములను ఏర్పరచిరి. వారానికి రెండుమారులు అందరు కలిసి ప్రసారము వినవలెను. రేడియో ఆపిన పిమ్మట చర్చింపవలెను. తేలిన సందేహములను కేంద్రమునకు వ్రాయవలెను. మరుసటి ప్రసారములలో వానికి జవాబులు వచ్చును. 1959 నుండి ఈ పద్ధతిని దేశమంతటికి విస్తరింపజేసిరి. కొలది సంవత్సరములలోనే తంజావూరు డెల్టా రైతులు ఆడుతురై పరిశోధన స్థానమువారి ఏ.డి.టి. 27 అను వరి వంగడమును "రేడియో వడ్లు" అని పిలువసాగిరి. కావేరి డెల్టాలో రేడియో మాట పొలములో మొలకెత్తినదనుటకు ఆ పేరే సాక్ష్యము. మన డెల్టాలోని పంచాయతీ రేడియోలకును ఇదే ఆశయము. సాయంకాలము దీపాలవేళ పంచాయతీ కచేరీ వాకిట రేడియో మ్రోగగా జనము చేరెడివారు.

ఇచ్చట మనము ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. ఆ వాకిట అందరికిని సమానమైన చోటు ఉండెడిదా? రేడియో కంఠమునకు కులము తెలియదు. కాని రేడియో ఉన్న అరుగునకు తెలియును. ఊరి పెద్దల వీధిలో నున్న పెట్టె వద్దకు మాలపల్లె నుండి, మాదిగపల్లె నుండి వచ్చినవారు ఎంత దూరమున నిలువవలసి వచ్చెనో ఆ తరమువారికి చెప్పనక్కరలేదు. దూరమున నిలిచి వినవచ్చును గాని, దూరమున నిలిచి చర్చలో పాల్గొనుట కష్టము. వినికికిని, సంభాషణకును గల భేదము అచ్చటనే బయటపడును. వినుకొండలో పుట్టి, అంటరానితనపు బాధను స్వయముగా అనుభవించిన మహాకవి గుర్రము జాషువాగారు 1957–59 మధ్య మద్రాసు కేంద్రమున తెలుగు కార్యక్రమ నిర్మాతగా పనిచేసిరి. కార్యక్రమమును నిర్ణయించు కుర్చీలో అట్టివారు కూర్చుండుట సామాన్య విషయము కాదు. ఎవరు వినుచున్నారనునది ఎంత ముఖ్యమో, ఎవరిని మాటాడుటకు పిలుచుచున్నారనునదియు అంత ముఖ్యము.

ఇండ్లలోని సంగతియు ఇట్టిదే. ఆ కాలమున రేడియో ఉంచుకొనుటకు తపాలా కచేరీలో ఏటేట లైసెన్సు పుచ్చుకొనవలెను. పెట్టె ఖరీదైనది. అది ముందు గదిలో ఇంటి యజమాని కుర్చీ ప్రక్కన ఉండెడిది. స్త్రీల కార్యక్రమము వచ్చు పగటివేళ మాత్రము ఆ గది ఇల్లాండ్రది. ఇరుగుపొరుగు స్త్రీలు కూడ చేరి, పిల్లల జబ్బులను గురించియు, చదువులను గురించియు, కట్నములను గురించియు వినుచు, పని ముగియువరకు దానిని గురించియే మాటాడుకొనెడివారు. కేంద్రమునకు వినబడని ఆ మారుమాట ఎంత విలువైనదో లెక్క కట్టినవారు లేరు. 1960వ దశకమున ట్రాన్సిస్టరు వచ్చి రేడియోను ముందు గదినుండి వంటింటికి, పొలము గట్టునకు, రిక్షాకు దింపినది. శ్రోతలు హెచ్చిరి, కలిసి వినుట తగ్గినది.

కేంద్రమునకు శ్రోత మాటను చేర్చినది కార్డుముక్క. విజయవాడ కేంద్ర చరిత్రలో ఉత్తరము ఎంత పని చేయగలదో చూపినవారు ఉషశ్రీగా ప్రసిద్ధులైన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు. 1970వ దశకమునుండి ఆయన చెప్పిన రామాయణ భారతములు తెలుగునాట ఇంటింట వినబడినవి. వానికంటె మన విషయమునకు దగ్గరయైనది "ధర్మసందేహాలు" కార్యక్రమము. ఇందు శ్రోత వ్రాసి అడుగును, ఆయన చెప్పును. పురాణ పాత్రను గురించి అడుగుచున్నట్లు కనబడిన ప్రశ్న వెనుక తరచుగా ఇంటి సంగతి దాగియుండును. తండ్రి మాట ఎంతవరకు వినవలెను, ఆడుబిడ్డకు ఆస్తిలో న్యాయమేమి, పెద్దలు తప్పు చేసినచో పిన్నలు చెప్పవచ్చునా అను చింతలు పురాణము ముసుగులో అడుగుట మనకు క్రొత్త కాదు. వెనుక గ్రంథాలయములో ఎదుట నిలిచి అడిగిన ప్రశ్న ఇప్పుడు తపాలాలో వచ్చినది. అంతే భేదము.

మారుమాట లేని మాటకు గల హద్దును డెల్టాకు సముద్రము నేర్పినది. 1977 నవంబరు 19వ తేదీన తుపాను దివిసీమపై విరుచుకుపడినది. సముద్రము ఊళ్ళమీదికి వచ్చినది. ప్రభుత్వపు లెక్కలలోనే మృతులు పదివేలకు పైబడిరి. హెచ్చరిక అనునది చెప్పినంతమాత్రమున పూర్తి కాదు. విన్నవాడు దానిని నమ్మవలెను, పోవుటకు చోటుండవలెను, తీసికొనిపోవుటకు బండి యుండవలెను. "ఎక్కడికి పొమ్మందురు?" అను ప్రశ్నకు జవాబు లేనిచో హెచ్చరిక వట్టి వార్తయే. 1990 మే 9వ తేదీన దాదాపు అంతటి తుపానే మరల కృష్ణ ముఖద్వారము దగ్గర తీరము దాటినది. ఈసారి ఆరు లక్షలమందికి పైగా జనమును ముందుగానే తరలించిరి. మృతులు వేయికి లోపుగా నుండిరి. ఈ తేడాకు రేడియోయే కారణమనుట సరికాదు. తుపాను ఆశ్రయములు, రాడారులు, అధికారుల సంసిద్ధత అన్నియు కలిసి చేసిన పని అది. కాని విన్నవాని ప్రశ్నకు నేలమీద జవాబు సిద్ధముగా ఉన్నప్పుడు ప్రసారమునకు ఎంత బలము వచ్చునో ఈ రెండు తేదీలు ప్రక్కప్రక్కన నిలిచి చెప్పుచున్నవి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతము మునిగినప్పుడును జనమునకు కావలసినది ఇట్టి జవాబే.

ప్రభుత్వపు చేతిలోని రేడియోకు ఇంకొక సహజమైన హద్దు కలదు. ఊరి మురుగు కాలువను గురించి మాటాడవచ్చును గాని, దానిని బాగుచేయనివారిని గురించి ఎంతవరకు మాటాడవచ్చును? 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో రేడియో కేవలము పాలకుల కంఠముగా మారినది. ఆ పిమ్మట 1977 నుండి ఎన్నికల వేళ రాజకీయ పక్షములకు మైకు దొరికినది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీము కోర్టు, ప్రసార తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పినది. 1997 నవంబరులో ప్రసారభారతి ఏర్పడి ఆకాశవాణి దాని క్రిందికి వచ్చినది. తీర్పు గొప్పది. అయితే సొత్తు ప్రజలదే అయినను, ప్రజల నోటికి మైకు అందినదా అనునది వేరు ప్రశ్న.

టెలిఫోను ఇండ్లకు విస్తరించిన పిమ్మట కొంత అందినది. శ్రోత కంఠము ప్రసారములోనే వినబడుట మొదలైనది. 837 కిలోహెర్ట్జ్ మీద మధ్య తరంగ ప్రసారములు విన్న డెల్టాకు ఎఫ్.ఎం. తోడు వచ్చినది, 102.2 మీద వినవచ్చు కేంద్రమునకు కృష్ణవేణి అని నది పేరే పెట్టిరి. వైద్యునితో, న్యాయవాదితో, వ్యవసాయ శాస్త్రజ్ఞునితో శ్రోత నేరుగా మాటాడు కార్యక్రమములలో వెనుకటి కాగితపు సంభాషణలో లేని ఉత్కంఠ కలదు. అడుగువాడు ఏమనునో ఎవరికిని తెలియదు. తెలుగు నేలమీద ఈ దారిని కడదాక నడచినవారు పాత మెదక్ జిల్లా మాచనూరు స్త్రీలు. 2008 అక్టోబరు 15న అక్కడ ప్రారంభమైన సంఘం రేడియోను దళిత స్త్రీలే నడపిరి. పంచాయతీ అరుగునకు దూరమున నిలిచినవారి వంశమువారు మైకు ఇవతలికి వచ్చి కూర్చుండిరి. విత్తనమును గురించి, రోగమును గురించి, పండుగను గురించి తమ యాసలో తామే అడిగి తామే చెప్పికొనిరి.

ఈ చరిత్రలో ఒక విచారము మిగులును. తొలి దశాబ్దముల ప్రసారములలో పెక్కు నేరుగా ప్రసారమైనవి. గాలిలో పుట్టి గాలిలో కలిసినవి. సంగీతమునకు కొంత నిలువ దక్కినది గాని, ఊరి మార్కెట్టును గురించి, అద్దె ఇండ్లను గురించి, రిక్షా కార్మికులను గురించి నలుగురు కూడి ఆడిన మాటలకు అంత మన్నన దొరకలేదు. పాటను దాచవలెనని తోచినంతగా మాటను దాచవలెనని తోచదు. కాని యాబదియేండ్ల క్రిందట డెల్టాలో జనము దేనికి భయపడిరి, దేనికి సిగ్గుపడిరి, దేనిని ఆశించిరి అని రేపటివారు అడిగినచో, జవాబు ఆ మాటలలోనే యుండును. ఇట్టి పత్రికలలో అచ్చయిన ప్రసంగపాఠములును, శ్రోతలు వ్రాసిన కార్డులును, ఇండ్ల అటకలమీద మిగిలిన టేపులును నేడు చరిత్రకు ఆధారములు.

కావున మా విన్నపము రెండు విధములు. మీ ఇంట పాత కార్యక్రమ పత్రికలు గాని, కేంద్రమునుండి వచ్చిన జవాబులు గాని, ధ్వనిముద్రణలు గాని ఉన్నచో తూకమునకు వేయకుడు. మీ ఊరి గ్రంథాలయమునకైన ఇచ్చి భద్రపరుపుడు. రెండవది ఇంకను సులభము. విన్నది నచ్చకున్నను, అర్థము కాకున్నను, మీ వీధి సంగతి అందులో లేకున్నను కేంద్రమునకు వ్రాయుడు, అడుగుడు. మీరడిగిన ప్రశ్నతోనే రాబోవు కార్యక్రమము మొదలు కావచ్చును.